బుగ్గమ్మ పెరుగు, ముప్పై రెండు సీసాల నెత్తురు

“పద్నాలుగేండ్ల సంది నా చేతి పెరుగే తిన్నరు గదమ్మ. అప్పుడు లేని రోగం ఇప్పుడు ఎక్కడికెల్లి ఊడిపడ్డది?”

“నన్నడిగితే? నేను చెప్తలేను బుగ్గమ్మ, కాయితం చెప్తున్నది.”

“అయితే ఆ కాయితాన్నే అన్నంల కలుపుకొని తినుమను.”

గణేశ్ మెట్ల కాడనే ఆగిపోయిండు. లోపల కొట్లాడుకుంటున్నది అశోక్‌నగర్‌ల ఆడపిల్లల హాస్టల్ నడిపే పద్మ, అదే హాస్టల్ వంటింట్ల పనిచేసే బుగ్గమ్మ. ఆ కాయితాలు తెచ్చి పంచినోడు తానే. భుజానికి సూదుల సంచి, చేతిల ఐసు డబ్బా పట్టుకొని వాళ్ల నడుమల నుంచి ఏ మొఖం పెట్టుకొని పోవాలె?

గణేశ్ డిగ్రీ సగంల ఇడిసిపెట్టినోడు. నారాయణగూడల ఒక ల్యాబ్ తరఫున ఇండ్లెంబడి తిరిగి రక్తం తీస్తడు. మూడు నెలల కింద పద్మ కొడుకు నవీన్ పిలిస్తే ఈ హాస్టల్‌కు మొదటిసారి వచ్చిండు. సర్కారు నౌకరి పరీక్షలకు చదివే పిల్లలు ముప్పై రెండు మంది. మధ్యాహ్నం తిన్నంక రీడింగ్ రూంల తలలు వాలుతున్నయి, కడుపు ఉబ్బుతున్నది, తల నొస్తున్నది. పొద్దుగూకులు కుర్చీకి అతుక్కుంటే ఎవరి కడుపైనా ఉబ్బుతది. ఆ మాట చెప్తే ఎవరింటరు? నవీన్ పాలు మానేసినంక ఒళ్లు తేలికైందని నమ్మినోడు. పాలు, పెరుగు కొందరికి తిన్న వెంటనే కాదు, రెండు మూడు దినాలకు నిమ్మళంగ చెరుపు చేస్తయని, అది రక్తంల దొరుకుతదని పిల్లలను కూసోబెట్టి చెప్పిండు. అబద్ధమాడలేదు, మనస్ఫూర్తిగ నమ్మి చెప్పిండు. అబద్ధాలకోరునైతే పట్టుకోవచ్చు, నమ్మినోన్ని ఏం జేస్తం?

రక్తం తీసి పరీక్ష చేస్తే కాయితంల ముప్పై మందికి పాల కాడ ఎర్ర గీత వచ్చింది, అంటే పడదని. ఇద్దరికి ఆకుపచ్చ. తెల్లారి నుంచి పెరుగు బంద్. నాలుగింటికి లేచి పాల క్యాన్ల కోసం తలుపు తీసుడు తప్పిందని పద్మ కూడ లోలోపల సంబరపడ్డది. మూడు నెలలకు మళ్ల పరీక్ష, అందుల గీతలు పచ్చగైతే పెరుగు మానుడే మందని రుజువైనట్టు, ఇగ పెరుగు జిందగీల లేదు. పెరుగు లేకపోతే బుగ్గమ్మతోని పనేంది? ఆ రెండో పరీక్ష ఇయ్యాలనే.

బుగ్గమ్మది పాలమూరు దిక్కు. మొగడు ఎంకయ్య తోని వచ్చి విద్యానగర్‌ల అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసింది. ఎంకయ్య మూడో అంతస్తు మీదికెల్లి జారి పడ్డడు. పాణం దక్కింది గాని నడుము దక్కలేదు. రాంనగర్ బస్తీల కిరాయి అర్రల మంచానికి పరిమితమైండు. అప్పుడు బుగ్గమ్మ ఈ హాస్టల్‌ల అంట్లు తోముడుకు కుదిరింది. ఒకనాడు వంటమనిషి తోడేసిన పెరుగు జిగురు సాగితే, పిల్లలు కంచాలు పక్కకు నూకిండ్రు. ఆ సాయంత్రం బుగ్గమ్మ తోడేసింది. అంతే, ఆనాటి నుంచి అంట్లు ఇంకొకరికి పోయినయి, పెరుగు ఆమెదే. పాలల్ల చిటికెన వేలు ముంచి వేడి చూసేది. చలికాలం గిన్నెలను గోనెసంచుల్ల చుట్టి బియ్యం డ్రమ్ముల దించేది. నౌకరి పరీక్షనాడు పొద్దుగాల పిల్లలు వంటింటి ముంగట వరుస కట్టి అరచేతులు చాపితే, పెరుగు, చక్కెర ఏసి పంపేది. పోయిన నెల పరీక్షకు పద్మ ఉత్త చక్కెర పోసింది. పోరిలు నాక్కుంట బస్సెక్కిండ్రు.

గణేశ్‌కు మొదటిసారి కాయితాలు తెచ్చిన దినం మతికున్నది. ఇంక కవర్లు విప్పలేదు. చాయ్ ఇచ్చుకుంటనే బుగ్గమ్మ చెప్పింది, మన పిల్లలల్ల హారతికి, తన్మయికి పాల కాడ ఏం రాదు చూడు అని. చూస్తే అంతే ఉన్నది. ఎట్ల తెలిసిందని అడిగితే, “వడ్డించేది నేను గాదా బిడ్డ? ఒకామెకు పెరుగు వాసన పడదు. ఒకామె మొటిమలైతయని ముట్టదు” అన్నది. ఇంకో మాట కూడ అన్నది. “తిన్నోళ్లకు ఎర్రగ, తిననోళ్లకు పచ్చగ. గిది రోగమా, నేను వడ్డించిన గరిటెల లెక్కనా?”

ల్యాబ్‌ల ఒక డాక్టరమ్మ గణేశ్‌కు అదే చెప్పింది. రోజు తినేదాని గుర్తు రక్తంల ఉంటది, అది రోగం కాదు, తినుడు మానితే ఆ గుర్తు తగ్గుతదని. గణేశ్ ఎవ్వరికి చెప్పలేదు. మూడు నెలలు నోట్ల మన్ను పోసుకున్నట్టు ఊకున్నడు.

ఇయ్యాల మళ్ల ముప్పై రెండు సీసాలు నింపి, చేతులు కడుక్కుందామని వెనక నల్లా కాడికి పోయిండు. బుగ్గమ్మ అక్కడ పెరుగు గిన్నెలు తోముతున్నది. మూడు నెలల సంది వాటిల చుక్క పడలేదు. అయినా తోముతున్నది.

ఈసారి పచ్చగ వస్తదా అని ఆమె అడగలేదు, వస్తదని ఆమెకు ఎరుకే. నీకు గుడ ఎరుకేనా అని అడిగింది. గణేశ్ నల్లా దిక్కు చూసుకుంట ఎరుకే పెద్దమ్మ అన్నడు. అయితే ఆ ముచ్చట పద్మమ్మకు చెప్పరాదా అన్నది. నౌకరి పోతదన్నడు.

“నీది పోతది. నాది పోయింది.”

అంతకంటె తిట్టలేదు. తిడితే మంచిగుండు అనిపించింది గణేశ్‌కు. చేతులు తుడుచుకొని సంచి ఎత్తుకున్నడు. బుగ్గమ్మ గిన్నె బోర్లించి దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

“సరే, నోరు ఇప్పకు. కాయితాలు తెచ్చిననాడు కవర్లు ఇప్పకముందు నన్ను పిలువు. మనీష, మహిత, ఇంకో నలుగురు చిక్కడపల్లిల దొంగతనంగ లస్సీ తాగుతున్నరు, వాళ్ల పేర్లు పద్మమ్మ ముంగటనే చెప్త. వాళ్లకే ఎర్రగొస్తది, అది రోగం కాదు తిన్న లెక్కనని ఆమెకే ఎరుకైతది. నువ్వు కాయితం చూసి ఒక్కొక్క పేరుకు తలకాయ ఊపు బిడ్డ, గంతే.”