చెంచా చప్పుడు కింద క్లారినెట్

క్లారినెట్ మాస్టారు ఏం చేస్తుంటారని ఆయన అత్తవారి తరఫు చుట్టాల్ని ఎవరైనా అడిగితే "హోటల్లో" అనేవారు. ఒక్క క్షణం ఆగి, "మంచి హోటలేలెండి" అని కలిపేవారు. వండుతాడా, వడ్డిస్తాడా అని అడిగినవాళ్లు తమలో తాము తేల్చుకోవడానికి ఆ క్షణం చాలు. మాస్టారి భార్య చాలాసార్లు సరిదిద్దబోయింది. "వాయిస్తారండీ" అనేది. "అది సరేనమ్మా, మరి పని ఏం చేస్తారు?" అనేవారు.

ఆయన పనే అది. ఊళ్లో కాస్త పేరున్న ఆ హోటల్ భోజనశాలలో, కుడివైపు గోడ వారగా, నాలుగు పూలకుండీల వెనక, జానెడెత్తు చెక్క వేదిక ఉండేది. మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు దాని మీద ముగ్గురు కూచునేవారు. క్లారినెట్ ఆయనది. గిటారు ఆయన బావమరిదిది. డ్రమ్ముల దగ్గర కూచునే ఆయన్ని అందరూ ఈక అనేవారు. కర్రలు పట్టకుండా, సన్నటి తీగల బ్రష్షులతో, బల్ల మీద దుమ్ము దులుపుతున్నట్టు వాయించేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ ముగ్గురే. ఆ బృందానికి పేరు లేదు. పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ రాలేదు.

చేరిన మొదటిరోజే మేనేజరు ఉద్యోగ ధర్మం బోధించాడు. "జనం ఇక్కడికి తినడానికొస్తారు. మాట్లాడుకోడానికొస్తారు. మీరు ఆ మాటల కింద ఉండాలి. ఎవరైనా కంచంలోంచి తలెత్తి మీ వైపు చూశారంటే, మీరు ఎక్కువ చేస్తున్నట్టే."

ఇంకొకరైతే ఆ మాటకి నొచ్చుకుని లేచిపోయేవారు. మాస్టారు దాన్ని విద్యగా స్వీకరించారు. ఆయనకి పెదవుల దగ్గర ఊపిరి ఎంత అదుపులో ఉండేదంటే, చెంచా పింగాణీకి తగిలే చప్పుడు కన్నా ఒక్క పిసరు కింద నిలబెట్టి, స్వరం చెదరకుండా ఎంతసేపైనా వాయించగలరు. గది సందడెక్కితే వీళ్లూ లేచేవారు. సందడి తగ్గితే దాని వెంటే దిగేవారు. మూలబల్ల దగ్గర మొగుడూపెళ్లాలు పళ్లు నూరుకుంటున్నారని పెదవులు చూసి కనిపెట్టి, వాళ్ల మాటలు పక్కబల్లకి వినపడకుండా కప్పే పాటలోకి జారిపోయేవారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవాల్సిన పని కూడా ఉండేది కాదు. ముగ్గురికీ అది వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. అతిథులు భోజనం బాగుందని వంటవాణ్ణి మెచ్చుకుని వెళ్లేవారు.

ముప్పై ఏళ్లలో చప్పట్లు ఒక్కసారి పడ్డాయి. మాస్టారు సగం లేచి నమస్కారం పెట్టబోయారు. ఆ అతిథి మంచినీళ్ల కోసం సర్వరుని పిలుస్తున్నాడు.

"కూచో బావా," అన్నాడు బావమరిది తీగల మీంచి చూపు ఎత్తకుండా. "ఆయనకి దాహమేస్తోంది."

ఇంట్లో ఆయన సాధన చెయ్యకపోలేదు. కాని అక్కడా అదే అలవాటు. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఆయన క్లారినెట్ వాళ్ల గొంతు కిందికి వెళ్లిపోయేది. ఆయన భార్యా, ఉన్నమాట చెప్పాలంటే, నోరు మూసుకుని ఎక్కువసేపు ఉండే మనిషి కాదు. అందువల్ల పెళ్లైన ఇరవై ఏడేళ్లలో ఆవిడ తన భర్త పాట ఒక్కటి కూడా మొదట్నించి చివరిదాకా వినలేదు. విన్నంత మేరకి బాగుంటుందనే ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్నే వాకిట్లో నిలబడి వీధంతటికీ చెప్పేది.

అలాంటి రోజుల్లో, ఒక రేడియో ఆఫీసరు పంటినొప్పితో ఆ హోటల్‌కి వచ్చాడు.

మామూలుగా అయితే అతనూ అందరిలాగే తిని, కబుర్లాడి వెళ్లిపోయేవాడు. ఆవేళ నమలలేడు, నోరు తెరిచి మాట్లాడలేడు. చెంపకి చెయ్యి ఆనించుకుని ఊరికే కూచున్నాడు. చేసేందుకు వేరే పనేమీ లేకపోవడంతో విన్నాడు. గంటయ్యాక పూలకుండీలు తప్పించుకుంటూ వేదిక దగ్గరకొచ్చి, చెంప పట్టుకునే, "మీరెవరండీ?" అని అడిగాడు.

ముగ్గురూ కంగారుపడ్డారు. "ఎక్కువైందాండీ?" అన్నారు మాస్టారు.

రేడియోలో ఊరి కళాకారుల కోసం అరగంట కార్యక్రమం ఉందట. టేపు ఒకటి రికార్డు చేసి పెద్దాఫీసుకి పంపితే, వాళ్లు విని ఒప్పుకుంటే ప్రసారమవుతుందట. ముందుగా ముగ్గురి పేర్లూ చదువుతారట. మాస్టారి భార్యకి ఆ ఆఖరిమాట ఒక్కటే చెవికెక్కింది.

"మీ పేరు చదువుతారా? ఇంటిపేరుతో సహా?"

"ముందు టేపు బాగా రావాలి."

"రాకేం? మా పెద్దన్నయ్యతో చెప్పేశాను. రేడియో కొనుక్కోమన్నాను."

మాస్టారికి విషయం అర్థమైంది. ఇప్పుడు టేపు బాగా రాకపోతే ఇంట్లో ఆవిడ చుట్టాల్లో తలెత్తుకోలేదు. హోటల్లో పనిచేసేవాడు అన్న మాట ఇక ఆయన పేరుకి శాశ్వతంగా అతుక్కుపోతుంది.

రికార్డింగు రోజున స్టూడియోలో ఇద్దరు పెద్దమనుషులు కూచుని ఉన్నారు. ఒకాయన సంగీత కళాశాలలో చెప్పి రిటైరైన ఆచార్యులు, రెండో ఆయన పత్రికల్లో రాసే విమర్శకుడు. బృందం అర్హత గురించి అభిప్రాయం రాసివ్వడానికి పిలిచారు. మాస్టారు మొదలుపెట్టారు. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, ఆచార్యులవారు విమర్శకుడి వైపు వంగారు.

"ఎంత నిగ్రహమండీ. వినండి, వినండి."

"అదే నేనూ అనుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఎక్కడున్నారు వీళ్లు?"

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందో లేదో, ఈక బ్రష్షులు తేలిపోయాయి. గిటారు తగ్గింది. క్లారినెట్ ఆ ఇద్దరి గొంతుల కిందికి మెల్లగా దిగి, అక్కడ తనకి అలవాటైన చోట కుదురుకుంది. పెద్దమనుషులకి ఉత్సాహం పెరిగింది. ఇలాంటి వాళ్లకి గుర్తింపు ఎందుకు రాదు అన్న విషయం మీద పావుగంట మాట్లాడుకున్నారు. వాళ్లు ఎంత వేడిగా మాట్లాడితే బృందం అంత చల్లగా వాళ్లకి దారిచ్చింది. తప్పు జరుగుతోందని ముగ్గురిలో ఏ ఒక్కరికీ తట్టలేదు. పైపెచ్చు, ముప్పై ఏళ్లలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనిపించింది.

టేపు తిప్పి వింటే పెద్దమనుషుల చర్చ స్ఫుటంగా ఉంది. ఊపిరి పీల్చుకోడాలు కూడా వినపడుతున్నాయి. వెనకాల ఎక్కడో పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది.

"మాస్టారూ," అన్నాడు ఆఫీసరు తల పట్టుకుని, "వాళ్లు మాట్లాడితే మాట్లాడారు. మీరెందుకు తగ్గారు?"

"మాట్లాడుతున్నారు కదండీ," అన్నారు మాస్టారు. ఆయనకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

ఆఫీసరు మంచివాడు. వారం తర్వాత ఇంకో రోజు ఇప్పించాడు. "ఇదే ఆఖరు. ఆ తర్వాత స్టూడియో నాటకాలవాళ్లకి ఇచ్చేస్తారు" అన్నాడు. ఈసారి పెద్దమనుషుల్ని పిలవలేదు. గదిలో ముగ్గురే. తలుపులకి దళసరి మెత్తలు. ఆఫీసరు అద్దం అవతల కూచున్నాడు. ఎర్రదీపం వెలిగింది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

మాస్టారు క్లారినెట్ పెదవులకి ఆనించి ఊదారు. గాలి వచ్చింది. మళ్లీ ఊదారు. స్వరం వచ్చింది గాని, దాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియలేదు. ఎంత తగ్గాలి? దేనికన్నా తగ్గాలి? గిటారు అయోమయంగా రెండు తీగలు మీటి ఆగిపోయింది. ఈక బ్రష్షులు పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాడు. మూడుసార్లు మొదలుపెట్టారు. మూడుసార్లూ మధ్యలోనే చతికిలబడ్డారు.

మాస్టారు చెమట తుడుచుకుని అద్దం వైపు చూశారు. "ఏమీ అనుకోకపోతే, ఎవరైనా కాస్త మాట్లాడతారాండీ?"

ఎవరు మాట్లాడతారు? ఆఫీసరికి మీటలు చూసుకోవాలి. అప్పటికి వరండాలో బెంచీ మీద మాస్టారి భార్య కూచుని ఉంది. ఆయన కళ్లజోడు మర్చిపోతే తెచ్చి ఇచ్చి, ఇంటికి వెళ్లబుద్ధికాక అక్కడే ఆగిపోయింది. బావమరిదికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"మా అక్క ఉంది," అన్నాడు. "ఊరంతటికీ సరిపోతుంది."

ఆవిణ్ణి అద్దం అవతల గదిలో, గొంతు టేపు మీద పడకుండా, బృందానికి మొహం మాత్రం కనపడేలా కూచోబెట్టారు.

"ఏం మాట్లాడను నాయనా?" అంది ఆవిడ.

"ఇంట్లో మాట్లాడేవే అమ్మా. ఏదో ఒకటి. ఆపకండి, అంతే."

మొదట సిగ్గుపడింది. తర్వాత కుళాయితో మొదలుపెట్టింది. కుళాయి మీంచి మేడమీదవాళ్లకి, వాళ్ల మీంచి తన తమ్ముడి బద్ధకానికి, అక్కణ్ణించి పెద్దన్నయ్య భార్య మాటతీరుకి వచ్చింది. అద్దం ఇవతల ఒక్క అక్షరం వినపడలేదు. కాని ఆ పెదవులు కదలడం, ఆ చెయ్యి తిప్పడం ముగ్గురికీ కంఠస్థం. మాస్టారికి నేల దొరికినట్టయింది. క్లారినెట్ ఎత్తారు. తక్కిన ఇద్దరూ వెనకే వచ్చారు. ఆవిడ పెద్దన్నయ్య భార్య మీద విసుక్కున్నప్పుడు పాట పైకి లేచింది. నిట్టూర్చినప్పుడు ఒదిగింది.

రెండో పాట సగంలో ఆవిడ పెదవులు ఆగిపోయాయి.

అవతల గదిలో స్పీకరు ఉందని ఎవరికీ గుర్తు లేదు. ఆవిడ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. పెద్దన్నయ్య భార్య గురించిన వాక్యం మధ్యలో తెగిపోయింది. ఆవిడ అద్దంలోంచి భర్తనే చూస్తోంది.

ఎవరో కంచంలోంచి తలెత్తి చూసినట్టయింది. మాస్టారి ఊపిరి దానంతటదే తగ్గిపోయింది. ఆవిడ మొహం చిట్లించింది. తల ముందుకి వంచి, చెవి అద్దానికి ఆనించింది. ఆయన ఇంకాస్త తగ్గారు. ఆవిడ అరచేత్తో అద్దం మీద కొట్టింది. చప్పుడు రాలేదుగాని ఆ కోపం ఆయనకి తెలిసినదే. కూర చల్లారుతోందని చెప్పాక కూడా ఆయన లేవకపోతే వచ్చే కోపం.

అప్పుడు ఆయన వాయించారు. బావమరిది ముప్పై ఏళ్లలో మొదటిసారి తీగల మీంచి తలెత్తి బావ వైపు చూశాడు. ఈక బ్రష్షుల్ని కింద పెట్టి, ఎప్పుడో కొనుక్కుని సంచిలోనే ఉంచుకున్న కర్రలు తీశాడు.

ఎర్రదీపం ఆరాక అందరూ వరండాలోకి వచ్చారు.

"మాట్లాడమంటే ఆపేశావేం?" అన్నారు మాస్టారు.

"అయిపోయాయి మాటలు," అంది ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"మా అక్కకి మాటలు అయిపోవడమా," అన్నాడు బావమరిది. "పెద్దాఫీసువాళ్లకి ఈ ఒక్క ముక్క రాసి పంపితే చాలు, పాట వినక్కర్లేదు."

పెద్దాఫీసు ఒప్పుకుంది. కార్యక్రమం మధ్యాహ్నం ఒంటిగంటకి వేశారు. ఆ వేళకి ముగ్గురూ హోటల్లో పూలకుండీల వెనక ఉన్నారు. వాళ్లు వినలేదు. భార్య విన్నది. మూడు పేర్లూ చదివారని, మాస్టారి ఇంటిపేరు మరీ స్పష్టంగా పలికారని చెప్పింది. పెద్దన్నయ్య రేడియో కొన్నాడుగాని, ఆ రోజు ఎవరో చుట్టాలొస్తే మాటల్లో పడి పెట్టడం మర్చిపోయాడట. మళ్లీ ఎప్పుడైనా వస్తే చెప్పమన్నాడు.

పది రోజులకి ఆఫీసరు ఒక ఉత్తరం తెచ్చిచ్చాడు. ఆ కార్యక్రమానికి వచ్చిన ఒకే ఒక్క ఉత్తరం. ఎవరో పొరుగూరి ఉద్యోగిని రాసింది. పనిమీద రెండు నెలలు ఉండేలా ఈ ఊరు వచ్చిందట. ఆ క్లారినెట్ విన్నప్పట్నించి మనసు మనసులో లేదట. "ఈ బృందం ఎక్కడ వాయిస్తుందో తెలిపితే ఎంత దూరమైనా వెళ్లి వింటాను. నేను బసచేసిన చోట భోజనానికి కూచుంటే చెవికి ఇంపైనది ఒక్కటీ లేదు" అని రాసింది. కాగితం పైన హోటల్ బొమ్మ అచ్చువేసి ఉంది. వాళ్ల హోటలే.

బావమరిది ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడో బల్ల," అన్నాడు. "రోజూ ఫోనులో మాట్లాడుతూ తింటుంది. ఆవిడ ఫోను కిందే కదా మనం నెలరోజులుగా వాయిస్తున్నది."

మాస్టారు ఆ రాత్రి జవాబు రాయడానికి కూచుని నాలుగు కాగితాలు చింపారు. అయిదోది మిగిలింది. "అమ్మా, మేము మీ కుడివైపు పూలకుండీల వెనక ఉంటాము. దూరం రానక్కర్లేదు. భోజనం చేసేటప్పుడు దయచేసి ఎవరితోనూ మాట్లాడకండి. ఎవరైనా మాట్లాడితే మేము వినపడము." కింద మూడు పేర్లూ రాసి, మర్నాడు పొద్దున్నే హోటల్ కౌంటరులో ఆమె పేరుమీద ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం ఆమె ఫోను లేకుండా వచ్చింది. మూడో బల్ల వదిలి పూలకుండీల పక్కనే కూచుంది. సూపు తెప్పించుకుంది. చెంచా పక్కన పెట్టేసి, కుర్చీ వేదిక వైపు తిప్పుకుని, కళ్లార్పకుండా చూస్తూ కూచుంది. మాస్టారు ఊపిరి బిగబట్టి, వదిలి, తగ్గకుండా మొదలుపెట్టారు.

ఇంత పెద్ద హోటల్లో ఒక అతిథి తినకుండా, మాట్లాడకుండా కూచోవడం మేనేజరు కంట పడింది. చేతులు నలుపుకుంటూ పరుగున వచ్చాడు.

"భోజనం బాగాలేదా అమ్మా?"

ఆమె చూపు తిప్పకుండానే పెదవుల మీద వేలు పెట్టింది. మేనేజరుకి భయమేసింది. సూపు చల్లారిపోయిందేమో, అందుకే ముట్టలేదు కాబోలనుకున్నాడు. గిన్నె తీసుకెళ్లి స్వయంగా వేడివేడిది ఇంకొకటి తెచ్చి పెట్టాడు. ఆమె దాన్నీ ముట్టలేదు. మూడో పాట పూర్తయ్యేసరికి ఆమె ముందు నాలుగో సూపు చల్లారుతోంది, మేనేజరు వంటవాణ్ణి నానా మాటలూ అనడానికి లోపలికి వెళ్లాడు.