కౌంటరు మీద రెండు ప్రింట్లు

కెమెరాల దుకాణంలో కౌంటరక్క మాటంటే కొనేవాళ్లకు గురి. లెన్సును ఉఫ్‌మని ఊది, మెత్తటి గుడ్డతో తుడిచాకే నోరు విప్పుతుంది. "జేబులో వేసుకు తిరగడానికైతే కాంపాక్ట్ చాలమ్మా. లెన్సులు మార్చుకుంటూ తీయాలంటే మిర్రర్‌లెస్సే. కానీ ఆ బరువంతా మోయాల్సింది నువ్వే" అంటుంది. ఎవరి మీదా గొంతు పెంచదు. ఒకరోజు ఫొటోగ్రఫీ మాస్టారు శిష్యులను వెంటేసుకుని వచ్చాడు. పదేళ్ల కిందట ఆమె చేతిలో చిన్న కెమెరా చూసి, "బొమ్మలాటకొచ్చావా?" అని అందరి ముందూ క్లాసులోంచి వెళ్లగొట్టింది ఆయనే. ఆ మాటను ఆమె ఇన్నేళ్లూ మింగలేదు, కక్కలేదు. ఆయన మాత్రం ఆమెను గుర్తుపట్టలేదు.

ఆమె రెండు ప్రింట్లు పరిచింది. "ఏది దేంతో తీసిందో మీరే చెప్పాలి సార్." ఆయన ఒకదాన్ని చూసి పెదవి విరిచాడు. "ఇది కాంపాక్ట్, ప్రాణం లేదు. ఇదిగో, మిర్రర్‌లెస్ అంటే ఇదీ! లెన్సు పనితనం చూడండి" అని శిష్యులకు పావుగంట పాఠం చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా చివరిదాకా చెప్పనిచ్చింది. "రెండూ కాంపాక్ట్‌తోనే తీశాను సార్. అప్పట్లో మీరు వెళ్లగొట్టింది నన్నే." శిష్యుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. జాలి కలుగుతుందేమోనని ఆమె ఒక్క క్షణం ఆగి చూసుకుంది. కలగలేదు.