తారు రోడ్డు మీద కళ్లం

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే రోడ్డు అందమైనదని చాలాకాలం ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే అలా ఉంది. కొబ్బరి తోటలు, సరుగుడు తోపులు, చివర్న ఉప్పుగాలి, గంటకో ఆర్టీసీ బస్సు. డాక్టరు నా షుగరు రిపోర్టు చూసి నడిచినా సరే, సైకిలు తొక్కినా సరే అన్నాడు. నడిచేవాణ్ణి దారిలో ఎవరైనా ఆపి మాట్లాడతారు కాబట్టి నేను సైకిలు ఎంచుకున్నాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడికి తగని నిక్కరొకటి, గేర్ల సైకిలొకటి, హెల్మెటొకటి కొనుక్కుని ఆదివారాలు తెల్లవారుతూనే బయలుదేరేవాణ్ణి.

రెండువేల పదిహేను దాటాక ఆ రోడ్డు ఫోన్లలోకి ఎక్కింది. ముందు కార్తీకమాసం పిక్నిక్కులకే వచ్చేవారు. తరవాత ప్రతి ఆదివారమూ కార్తీకమే అయింది. కార్లు, ఆటోలు, ముగ్గురేసి ఎక్కిన మోటారు సైకిళ్లు, పైన సౌండు బాక్సులు కట్టిన వ్యాన్లు. ఎక్కడ కొబ్బరి చెట్టు కాస్త వంగి కనిపిస్తే అక్కడ కారు ఆగేది, చూసుకోకుండా తలుపు తెరుచుకునేది. అలాంటి తలుపులు రెండింటిని నేను మోచేతితో పరిచయం చేసుకున్నాను. బీచి దగ్గర అందరూ సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఫొటో తీసుకునేవారు. అంతమంది ఒక్కసారి తనకు వీపు చూపించడం సముద్రానికి కొత్త. అది ఏమీ అనలేదు. పెద్దది కదా.

కళింగపట్నానికి కాస్త ఇవతల మా మావయ్య ఊరు. మా అమ్మకు అన్నయ్య. డెబ్బై దాటాడు. ఇల్లు రోడ్డుకు ఇటుపక్క, చేను అటుపక్క. యాభై ఏళ్లుగా పొద్దున్నే సైకిలెక్కి, రోడ్డు వెంబడి అర కిలోమీటరు వెళ్లి, అటువైపు దాటి చేలోకి దిగేవాడు. నన్ను మొదటిసారి హెల్మెట్‌తో చూసినప్పుడు సైకిలు ఆపి మరీ నవ్వాడు.

"ఏటిరా అల్లుడూ, నెత్తిమీద ఆ కొబ్బరిసిప్ప?"

"పడితే తల పగలకుండా మావయ్యా."

"పడకుండా తొక్కడం రాదేటి?"

కొన్నాళ్లకు మా అత్త, ఆవిడ కొడుకు కలిసి నన్ను పక్కకు పిలిచారు. కొడుకు, అంటే నా బావమరిది, అప్పటికే బీచి దగ్గర కూల్‌డ్రింకుల కొట్టు పెట్టాడు. మాకు అడ్డం పడే జనమే అతనికి బేరం. అందులో అతని తప్పేమీ లేదు.

"బావా, నువ్వు సెప్తే ఇంటాడు. ఆ రోడ్డు మీద సైకిలు మాన్పించు. ఏదో రోజు ఏ కారో కొట్టీసి పోతాది. సేను కౌలుకి ఇచ్చీమను, ఏటి పోయింది?"

"నువ్వు చెప్పకపోయావా?"

"నాను సెప్తే నా కొట్టు గురించి సెప్తన్నానంటాడు."

మా అత్త తలుపు చాటు నుంచి అంది. "మొన్న లారీ పక్కనుంచి ఎల్తే గట్టు కింద పడ్డాడు నాయనా. మోకాలు పగిల్తే రాయి తగిలిందన్నాడు. నానేటి గుడ్డిదాన్నా?"

చెబుతానన్నాను. చెప్పలేదు. ఆయన్ని చేలోకి వెళ్లవద్దనడానికి నా దగ్గర ఉన్న కారణం ఆ రోడ్డు ఒక్కటే. ఆ రోడ్డు మీద సరదాకి తొక్కేవాణ్ణి నేను. నిక్కరు వేసుకుని ఆ మాట చెప్పడం కొంచెం కష్టం.

మావయ్యకు అటువైపు ఎకరం చిల్లర మెట్ట. వానలు తగ్గుముఖం పట్టాక ఉలవలు వేసేవాడు. మావైపు ఉలవలు కళ్లంలో కొట్టేవాళ్లు తక్కువ. పీకిన మొక్కల్ని ఎండబెట్టి, తారు రోడ్డు మీద ఒక పక్కగా పరిచేస్తారు. బస్సు వాటి మీదుగా పోతుంది, కాయలు పగులుతాయి. ఆడవాళ్లు కర్రతో మొక్కల్ని తిరగేసి, గట్టున కూర్చుని ఇంకో బస్సు కోసం చూస్తారు. సాయంత్రానికి పొట్టు వేరు, గింజ వేరు. డ్రైవర్లు కూడా కాస్త పక్కకు కోసి మరీ తొక్కించేవారు. గంటకో బస్సు అంటే సరిగ్గా సరిపోయే వేగం.

ఆ డిసెంబరు చివరి ఆదివారం మావయ్య ఎండిన మొక్కల కుప్ప పక్కన కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా అనిపించలేదు.

"నిన్న పరిసినాను రా. తిరగెయ్యడానికి సందివ్వలేదు. ఒకడు హారనూ, ఒకడు బూతూ. గింజంతా గట్టుకి సిమ్మీసినారు. మీ బావమరిది ఇంటికొచ్చి, ఇదే ఆకరి పంట అన్నాడు. ఈ ఉలవలు ఇంటికి సేరకపోతే ఆడి మాటే నెగ్గుతాది."

ఆయనకు ఉలవలతో పెద్ద పని లేదు. ఆ సైకిలెక్కి ఆ చేనుకు తాను ఇంకా పోగలనని చెప్పడానికి ఆయనకో సాక్ష్యం కావాలి. అది నాకు అర్థమైంది. అర్థమైన చోట ఊరుకోవాలి. నేను జోకు వేశాను.

"బాధెందుకు మావయ్యా, జనవరి ఫస్టున పరిచెయ్. ఆ రోజు వచ్చే కార్లకి మధ్యాన్నానికే నూర్పిడి అయిపోద్ది. పెట్రోలు వాళ్లది, పంట నీది."

ఆయన నవ్వలేదు. ఆలోచించాడు. మా కాలేజీలో కూడా నా జోకులకు అలాగే జరిగేది కాబట్టి పట్టించుకోలేదు.

జనవరి ఒకటిన కాలేజీకి సెలవు. ఎనిమిదిన్నరకల్లా వాళ్ల ఊరి దగ్గరికి వెళ్లాను. దూరం నుంచే కనిపించాయి, రోడ్డుకు ఒక పక్కగా ఇరవై గజాల పొడవున ఉలవ మొక్కలు. మావయ్య కర్ర పట్టుకుని గట్టున నిలబడ్డాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. సంతోషంగా ఉన్నాడు.

"నువ్వు సెప్పింది నిజమేరా! సూడు, అప్పుడే సగం రాలింది. ఒక్కో కారూ తొక్కుకుంటా పోతంది. డబ్బులిచ్చినా ఇలా కొట్టరు."

గింజలు నిజంగానే రాలాయి. కాయల్లోంచి బయటపడి, మొక్కల అంచు దాటి, నున్నటి తారు మీద రోడ్డు మధ్య దాకా పరుచుకున్నాయి. చిన్నవి, గట్టివి, ఎండినవి. రెండు గట్టి తలాల మధ్య గుండ్రటివి పడితే ఘర్షణ ఎంత తగ్గుతుందో నేను ప్రతి ఏడూ బల్ల మీద గోళీలు పోసి మరీ చూపించేవాణ్ణి. ఆ పాఠం బాగా చెబుతానని పేరు కూడా ఉంది. ఆ పూట మాత్రం, "బాగుంది మావయ్యా" అన్నాను.

ఎదురుగా వస్తున్న కారును తప్పించుకోబోయి ఒక స్కూటీ ఆ గింజల మీదికి వచ్చింది. భార్యాభర్తలు, మధ్యలో పాప. పెద్ద వేగమేమీ లేదు. చక్రం పక్కకు వెళ్లిపోయింది, అంతే. పాప మొక్కల మీద పడింది, దెబ్బ తగల్లేదు. తల్లి చేయి కింద ఆనించింది. మణికట్టు దగ్గర చేయి ఎటు వంగకూడదో అటు వంగింది.

క్షణంలో ఇరవై మంది. సగం మంది ఫోన్లు ఎత్తారు. భర్త పాపను ఎత్తుకుని మావయ్య మీదికి వచ్చాడు. "బుద్ధుందా ముసలోడా? రోడ్డు నీ అబ్బ సొత్తేటి? పాప పోయుంటే?"

మావయ్య కర్ర కింద పడేసి చేతులు జోడించాడు. "నాదే తప్పు బాబూ. నాదే తప్పు."

"నీది కాపోతే ఎవుడిది?"

అక్కడ నేను ఒక మాట చెప్పాల్సి ఉంది. హెల్మెట్ పెట్టుకుని, సైకిలు పట్టుకుని, పది అడుగుల దూరంలో ఉన్నాను. మావయ్య నా వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఆ పాప తల్లే, నొప్పితో పెదవి కొరుక్కుంటూ, "ఊరుకో, పెద్దాయన. ముందు ఆసుపత్రికి పద" అంది. ఆటో ఒకటి ఆపి ఎక్కించాం. నేను ఆటో ఆపాను. ఆ రోజు నేను చేసిన సాయం అది.

జనం పోయాక మావయ్య తువ్వాలు విసిరి రోడ్డు మధ్యలో గింజల్ని గట్టుకు తోశాడు. ఏరలేదు, తోశాడు. మొక్కల్ని కూడా కాలితో కిందికి నెట్టేశాడు. నేను చెయ్యి వెయ్యబోతే, "వద్దురా, నువ్వెల్లు, ఎండెక్కుతాది" అన్నాడు. తరవాత సైకిలు పట్టుకుని నడిచి ఇంటికి వెళ్లాడు. ఎక్కలేదు.

మూడు రోజులకు బావమరిది ఫోను చేశాడు. గొంతులో పండగ.

"బావా, థాంక్స్. ఏటి సెప్పినావో గానీ, నాన్న సైకిలు మానీసినాడు. సేనుకి కూడా ఎల్లట్లేదు. అమ్మ నీకు దండం పెడతంది."

"నేనేం చెప్పలేదురా."

"నీకన్నీ ఎటకారాలే," అని నవ్వి పెట్టేశాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వెళ్లాను. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా అత్త మామూలుగా ఇచ్చే టీతో పాటు చేగోడీలు కూడా పెట్టింది. అవి సైకిలు మాన్పించినందుకు. ఆవిడ లోపలికి వెళ్లాక అసలు మాట తెచ్చాను.

"మావయ్యా, ఆ రోజు ఆ సలహా నాదని నేను అక్కడ చెప్పాల్సింది."

"సెప్తే ఏటవుద్ది? ఆ పిల్ల సెయ్యి అతుక్కుంటాదా?"

"నేను జోకుగా అన్నాను."

"తెలుసులేరా. జోకని తెలిసే పరిసినాను. ఇంతమంది మన ఊరి మీద పడి పోతన్నారు గదా, ఒక్క పూట నాకు పన్జేసి పోతే ఎలాగుంటాదో సూద్దామనిపించినాది." తువ్వాలుతో అరుగు దులిపాడు. "ఆ పాప మొక్కల మీద పడింది. తారు మీద పడుంటే? రాత్రులు అదే అవుపిస్తంది. సైకిలెక్కితే కాళ్లు వణుకుతన్నాయి. మీ అత్తతో సెప్పకు."

చెప్పనన్నాను. ఈసారి మాట నిలబెట్టుకోవడం తేలికే.

లేవబోతుంటే అడిగాడు. "సేనుమీంచే వచ్చినావు గదా. ఎలాగున్నాదిరా?"

అర కిలోమీటరు దూరంలో ఉన్న తన చేను గురించి, పాతిక కిలోమీటర్ల అవతల నుంచి వచ్చినవాణ్ణి అడుగుతున్నాడు. నేను దాని పక్కనుంచే వచ్చాను. చూడలేదు. వెనక హారన్లు, పక్కన తలుపులు, ముందు వ్యాను, చేను చూసే తీరిక ఎక్కడిది?

"బాగుంది మావయ్యా."

తిరిగి వెళ్లేటప్పుడు చూశాను. మావయ్య చేలోనే రెండు కార్లు, ఒక మినీ బస్సు పెట్టి ఉన్నాయి. గట్టు పక్కన రాళ్ల పొయ్యి, దాని మీద పెద్ద గిన్నె. నలుగురు గరిటె పట్టుకుని ఫొటో తీయించుకుంటున్నారు. ఒకతను నన్ను చూసి, "ఫొటో తియ్యండి సార్" అని ఫోను చాచాడు. దిగి తీశాను. బాగానే వచ్చింది.

తరవాతి ఆదివారం మావయ్య మళ్లీ అడిగాడు, ఎలాగున్నాదని. మళ్లీ అదే చెప్పాను. ఆ తరవాత కూడా. మూడో నెలకు అడగడం మానేశాడు.