గట్టుకు అవతలి మనిషి

పదో తరగతి దగ్గర బడి ఆగిపోయాక నాకు చదువు చెప్పింది మా ఊరి గ్రంథాలయమే. ఉప్పలగుప్తం వెళ్లే రోడ్డు మీద రెండు గదుల పెంకుటిల్లు. సాయంత్రం జాకెట్ల కుట్టుపని ముగించి, మిషన్ మీద గుడ్డ కప్పి, అక్కడికి వెళ్లిపోయేదాన్ని. నాటకాల బీరువా మొత్తం చదివేశాను. కథలూ నాటకాలూ ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు కొన్ని ఉండేవి. వాటిని అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి అవి ఎక్కువగా మా ఇంట్లోనే ఉండేవి. నాయకుడు ఎలా ఉండాలి, ప్రతినాయకుడు ఎలా ఉండాలి అన్న పేజీలు నాకు నోటికి వచ్చు. ఆ సంగతి చెప్పుకోవడం ఇప్పటికీ నాకు ఇష్టమే.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల చివరి రోజున మా ఊళ్లో నాటకం వేయడం అలవాటు. ఎప్పుడూ ఎక్కడో అచ్చయిన నాటకమే వేసేవారు. తొంభైల చివర్లో ఒక ఏడాది, ఊడ్పులకు ముందే నేను సొంతంగా ఒకటి రాసి లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, బాగానే ఉందన్నారు. కానీ విలన్ వేషానికి బాబాయిగారు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఇదే వేద్దాం, లేకపోతే పోయినేడాది వేసిందే మళ్లీ వేద్దాం అన్నారు.

బాబాయిగారు మాకు చుట్టం కాదు. మా చేను పక్క చేను ఆయనది. ఆ గొంతు, ఆ మీసం చూసి ఎవరో కుర్రతనంలో విలన్ వేషం ఇచ్చారట. అప్పట్నుంచీ ఊరికి ఆయన తప్ప వేరే విలన్ లేడు. బజారులో అరటిపళ్లు కొంటుంటే కూడా పిల్లలు అమ్మల చీరల వెనక దాక్కునేవారు. ఆయన మాత్రం కోడిని కూడా అదిలించి ఎరగని మనిషి.

నా నాటకం గట్టు గురించి. ఊడ్పుల ముందు గట్టు పక్కల గడ్డిని పారతో చెక్కి, బురద మెత్తి నున్న చేయడం అందరూ చేసే పనే. గడ్డితో పాటు కాస్త మట్టి కూడా చెక్కితే ఏటా చేను అంత పెరుగుతుంది, గట్టు అంత తరుగుతుంది. మా వైపు మనిషిని తిట్టాలంటే గట్టు చెక్కేవాడనేవారు. నా నాయకుడు నోరు లేని రైతు. ప్రతినాయకుడు గట్టు చెక్కుతాడు, వికటంగా నవ్వుతాడు, మళ్లీ చెక్కుతాడు. ప్రతినాయకుడు బలంగా ఉండాలని పుస్తకాల్లో ఉంది కదా అని నవ్వులు ఇంకొన్ని చేర్చాను.

రెండు రోజులకి బాబాయిగారు మా అరుగు మీదకు వచ్చి కాగితాలు తిరిగి ఇచ్చేశారు.

"నేను వెయ్యలేనమ్మడూ."

డైలాగులు తక్కువయ్యాయా అని అడిగాను.

"డైలాగులకేం, బోలెడున్నాయి. ఈయన ఇంటికెళ్తే ఏం తింటాడమ్మా? పెళ్లాం ఏవని పిలుస్తుంది? ఎందుకు చెక్కుతున్నాడో తెలీకుండా పార ఎలా పట్టుకోమంటావ్? ఇన్నేళ్లూ ఎవరో రాసింది కదా అని వేసేను. నువ్వు ఎదురుగా ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను."

ఆ రాత్రి పుస్తకాలు మళ్లీ తిరగేశాను. ప్రతినాయకుడికి బలం ఉండాలని అన్నిట్లోనూ ఉంది. అతనేం తింటాడో ఒక్కదాంట్లోనూ లేదు. అసలు గట్టు చెక్కే మనిషి ఎలా నిలబడతాడు, ఎటు చూస్తాడు? నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. నాన్న అన్నం తింటూ ఏటా చెప్పే మాటలే విన్నాను. పక్కవాడు చెక్కేస్తున్నాడనీ, తను ఊరుకుంటున్నాడనీ. నా నాయకుడు పుట్టింది అక్కడే.

మర్నాడు నాన్నకి క్యారేజీ పట్టుకుని చేనికి వెళ్లాను. నాన్న పార పట్టుకుని గట్టు చెక్కుతున్నాడు. ఒక వేటు వేసి వెనక్కి జరిగి చూసుకుంటున్నాడు, నేను అంచు కత్తిరించాక గుడ్డని చూసుకున్నట్టే.

ఏం చేస్తున్నావని అడిగితే గడ్డి చెక్కుతున్నానన్నాడు.

"మట్టి కూడా వస్తోంది కదా నాన్నా."

"వేళ్లు పట్టుకుని వస్తుందమ్మా మరి. అవతల చూడు, ఆయన ఎంత లోపలికి లాగేసేరో."

అవతలి వైపు దిగి చూశాను. పార గాటు రెండు వైపులా ఒక్కలాగే ఉంది. నాన్న అబద్ధం చెప్పడం లేదు, అది ఆయన మొహంలో తెలుస్తోంది. తన చేతిలో ఉన్నది ఆయనకి కనిపించడం లేదంతే. నాకు కోపం రాలేదు. ఎదురుగా రెండు తలల దూడ పుట్టినంత వింతగా ఉంది.

అక్కణ్ణించి నేరుగా బాబాయిగారింటికి వెళ్లాను. ఆయన పెరట్లో కొబ్బరికాయలు వలిచిన డొక్కలు పోగు చేస్తున్నారు. మీరు గట్టు చెక్కుతారా అని అడిగేశాను.

"ఆయ్, చెక్కుతాను. మీ నాన్నగారూ చెక్కుతారు. నేను మానేస్తే ఆయన మానతారా?" డొక్కల మీద చేతులు దులుపుకున్నారు. "మా నాన్నగారు పోయినప్పుడు ఆ గట్టు మీంచే కాలవొడ్డుకి మోసుకెళ్లేం. అటిద్దరూ ఇటిద్దరూ, పక్కపక్కనే నడిచేం. ఇప్పుడు ఒక్క మనిషి తిన్నగా నడవలేడు. నా వంతు వచ్చేసరికి మోసేవాళ్లు బురదలో దిగాలి. పార పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుందమ్మడూ. అయినా చెక్కుతాను."

ఇంటికొచ్చి మొదటి నుంచీ మళ్లీ రాశాను. నవ్వులన్నీ కొట్టేశాను. ప్రతినాయకుడికి భార్యని పెట్టాను. గట్టు మీద పాడె మోసిన మాట బాబాయిగారి అనుమతి అడిగి పెట్టాను. నాయకుడి చేతికి కూడా ఒక పార ఇచ్చాను. లైబ్రేరియన్ గారు చదివి, ఇంతకీ ఇందులో విలన్ ఎవరమ్మా అని అడిగారు. నాకూ తెలియడం లేదండీ అన్నాను. జనం ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక ఇబ్బంది పడతారేమోనని ఆయన భయం. బాబాయిగారు మాత్రం కాగితాలు తిరిగి ఇవ్వలేదు. పొలం నుంచి వస్తూ మా వీధిలో డైలాగులు వల్లె వేసుకుంటుంటే, ఆయన ఒప్పుకున్నారని నాకు తెలిసింది.

నాటకం నాడు ఆయన వేదిక ఎక్కగానే పిల్లలు ఎప్పట్లాగే ఈలలు వేశారు. పాడె మాట దగ్గరికి వచ్చేసరికి వేరుశెనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. చప్పట్లు ఆలస్యంగా, అక్కడొకటి ఇక్కడొకటి మొదలయ్యాయి. నాన్న జనం వెనక నిలబడి చూశాడు. ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుంటూ, నాయకుడి చేతికి పార ఎందుకిచ్చావమ్మా అని అడిగాడు.

"నీ చేతిలో ఉంది కదా నాన్నా."

ఆయన చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు ఊడ్పులకు నాన్నా బాబాయిగారూ గట్టు జోలికి పోలేదు. నువ్వు మొదలుపెట్టు అంటే నువ్వు మొదలుపెట్టు అన్నట్టు ఊరుకున్నారు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఎలకలు బొరియలు పెట్టాయి. ఈ చేలో నీళ్లు ఆ చేలోకి కారిపోయాయి. ఒక సాయంత్రం ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని, మిషన్ దగ్గరున్న నన్ను కేకేశారు.

"అన్నీ రాసేవు గానీ, ఇప్పుడా గట్టు ఎవరు చెక్కాలో రాయలేదేంటమ్మడూ?" అన్నారు బాబాయిగారు.

"లైబ్రరీకి వెళ్తావు కదా," అన్నాడు నాన్న, "ఎలకల మీద పుస్తకం ఏవన్నా ఉందేమో చూడు."