బస్సు దిగడం, మనిషి దిగడం

2012 చలికాలంలో ఒక ఉదయం హైదరాబాద్ విమానాశ్రయంలో పెట్టె కోసం నిలబడి ఉండగా, మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. పని మీద తిరిగేవాళ్ళ అభిప్రాయం అడుగుతున్నామని చెప్పింది.

"ఎక్కేవాళ్ళకు లాంజ్ ఉంది కదా సార్. దిగినవాళ్ళకు కూడా ఒకటి పెడితే వాడుకుంటారా? స్నానం, టిఫిన్, ఇస్త్రీ, కాసేపు ఒరగడానికి మంచి కుర్చీ, అన్నీ ఉంటాయి."

నా డైరీలో ప్రతి పుటకూ ఎడమవైపు రెండు గడులు గీసుకుంటాను. ఒకదాని పేరు 'ఎక్కినది', రెండవదాని పేరు 'దిగినది'. చోటు, గంట, నిమిషం. ఇరవై ఏళ్ళలో ఒక్క రోజు తప్ప ఆ గడులు పూర్తిగా నింపకుండా పడుకోలేదు. ఆ అమ్మాయి నోట ఆ రెండు మాటలూ వినగానే కాగితం మీద కలం ఆగిపోయింది. 2003 కార్తీకమాసపు ఒక పుట నా కళ్ళ ముందు పొగమంచులా లేచింది.

అప్పుడు నేను రైసు మిల్లులకు రబ్బరు రోలర్లు అమ్మే కంపెనీలో పనిచేసేవాణ్ణి. జంటగా తిరుగుతూ వడ్ల మీది పొట్టు ఊడదీసేవి ఆ రోలర్లు. రెండేళ్ళు తిరిగినా మిర్యాలగూడలో ఒక్క మిల్లు కూడా మా రోలరు బిగించలేదు. ఆ ఏడాది ముగిసేలోగా ఒక్క మిల్లయినా ఒప్పుకోకపోతే ఆ దారి మరొకరికి ఇచ్చి, నన్ను విజయవాడ గోదాములో కూర్చోబెడతామని కంపెనీ ఉత్తరం రాసింది. గోదాములో ఎక్కడం, దిగడం ఉండవు. నాకు అదే భయం. చివరికి ఒక పెద్ద మిల్లు సేటు పది గంటలకు రమ్మన్నాడు. వారం ముందే ఒక జత రోలర్లను లారీ పార్సిలులో పంపి, నేను తెల్లవారుజామున విజయవాడలో బస్సెక్కాను.

కోదాడలో బస్సు ఆగినప్పుడు నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో ఉన్నాను. కిటికీ బయట మంచులో దీపాలు తేలుతున్నాయి. టీ అమ్మే ఆయన గ్లాసు అందించి, "ఏవండీ, దిగుతారా, ఇలాగే పోతారా? పోయేదైతే నా గ్లాసు ఇచ్చి పోండి," అన్నాడు. గ్లాసు ఇచ్చానో లేదో ఇప్పటికీ రూఢిగా చెప్పలేను. డైరీలో మాత్రం 'కోదాడ, టీ, నాలుగు నిమిషాలు' అని ఉంది.

సూర్యాపేటలో ఆరూ పదికి దిగాను. మిర్యాలగూడ బస్సు ఏడున్నరకు. ఈలోగా ముఖం కడుక్కొని, గడ్డం గీసుకొని, చొక్కా మార్చుకోవాలి. బస్టాండులో విశ్రాంతి గది తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"టికెట్ సూపియ్యి సారూ."

చూపించాను.

"ఇది దిగిన టికెట్. గీ రూము పొయ్యెటోళ్ళకు. నువ్వు వచ్చినవ్ గదా, ఇగ ఇంటికి పో."

"మా ఇల్లు ఇక్కడ కాదయ్యా."

"మరెందుకు దిగినవ్?"

పోయే బస్సు టికెట్ బస్సెక్కాకే ఇస్తారన్నా వినలేదు. రోడ్డు దాటి ఒక లాడ్జిలో గంటసేపు గది కావాలని అడిగాను. గల్లా దగ్గరున్న పెద్దమనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "గంట కోసం రూమా? నీ వయసేంది, నువ్వడిగేదేంది? మర్యాదస్తుల లాడ్జి ఇది, నడువ్," అన్నాడు. పోయేవాడికి బల్ల ఉంది, ఉండేవాడికి మంచం ఉంది. వచ్చినవాడికి మాత్రం ఊళ్ళో ఏమీ లేదని ఆ రోజే గమనించాను. సీసాలో మిగిలిన నీళ్ళతో కళ్ళు తుడుచుకున్నాను.

మిర్యాలగూడ బస్సులో ఏది చూశానో, ఏది కలగన్నానో వేరుచేయలేను. ఒక గొర్రెల మంద రోడ్డు దాటింది. మంచులో కాళ్ళు కనిపించక, తెల్లని వీపులు మాత్రమే నీళ్ళ మీద వెళుతున్నట్టు వెళ్ళాయి. కోసిన వరిపొలాలు మెల్లగా వెనక్కి నడిచాయి. బస్సే నిలబడి ఉందనీ, నేలే సూర్యాపేటకు పోతోందనీ అనిపించింది. తరువాత ఉడికిన వడ్ల వాసన వచ్చింది. పొట్టు కాల్చిన బూడిద కిటికీలోంచి లోపలికి వచ్చి చేతి మీద వాలింది. ఊదితే లేచి, మళ్ళీ వాలింది.

మిల్లుకు పది నిమిషాలు ముందే చేరాను. ఆఫీసు గుమ్మం పక్కన మా పెట్టె తాళ్ళు విప్పకుండానే పడి ఉంది. లోపల సేటు, ఆయన పక్కన కాంటా మీద లారీలు తూచే గుమాస్తా ఉన్నారు. సేటు నా కాలరు మీది బూడిదను చూసి, ఆదరంగానే అడిగాడు.

"రాండ్రి. యాడ దిగిండ్రు?"

ఎవరైనా ఆ మాట అంటే నాకు గడి గుర్తొస్తుంది. "సూర్యాపేట బస్టాండులో," అన్నాను. "ఆరూ పదికి."

సేటు ముఖం మారింది. గుమాస్తా నవ్వు ఆపుకోలేకపోయాడు. "సేటూ, బస్టాండ్ల దిగిండట! బల్ల మీద పండుకున్నా టైం మాత్రం రాసుకున్నడు సూడు."

"నువ్వాగు జర," అని సేటు నా వైపు తిరిగాడు. "గట్లనా? మనిషికే రూము ఇయ్యని కంపెనీ, నా మిల్లు ఆగిన్నాడు రోలరు ఏడికెల్లి ఇస్తది?"

నా తప్పు అప్పుడు తెలిసింది. ఆయన అడిగింది ఎక్కడ బస చేశారని. నేను చెప్పింది బస్సు దిగిన చోటు. రెండేళ్ళ తిరుగుడు ఒక్క మాటలో పోతోంది. గోదాము వాసన ముక్కుకు తగిలినట్టయింది. డైరీ తెరిచి ఆ గడి చూపించాను. విశ్రాంతి గది సంగతీ, లాడ్జి సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాను. లాడ్జి మాట దగ్గర గుమాస్తా కుర్చీలోంచి లేచి బయటికి పోయి నవ్వాడు. సేటు మాత్రం గడి మీద వేలు పెట్టి చదివాడు.

"ఇది బస్సు దిగుడు," అన్నాడు చివరికి. "నువ్వు ఇంక దిగలే." తరువాత కళ్ళం వైపు కేక వేశాడు. "అక్కా! సారుకు కాళ్ళకు నీళ్ళియ్యి."

కళ్ళంలో ఆరబోసిన వడ్లు తిరగేస్తున్న ఒకామె బకెట్ నిండా నీళ్ళు తెచ్చింది. "బాయిలర్ నీళ్ళు బిడ్డా, పైలం, కాల్తయ్. కాళ్ళేంది, తానమే చెయ్యి. గా బూడిద తోటి ముసలోని లెక్క కనబడ్తున్నవ్."

పొట్టు గుట్ట చాటున స్నానం చేశాను. ఆ నీళ్ళకు ఉడికిన ధాన్యపు వాసన ఉంది. చొక్కా మార్చుకొని, సేటు పిలిచేదాకా అని బస్తాల మీద కూర్చున్నాను. మిల్లు హోరు మెల్లగా దూరం జరిగింది. ఎవరో నన్ను వడ్లతో పాటు జల్లెడలో పోసి, నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతున్నట్టు ఉంది. పొట్టంతా ఊడి, లోపలి తెల్లని గింజ మాత్రం మిగిలినట్టు ఉంది.

కళ్ళు తెరిచేసరికి ఎండ బస్తాల మీద నుంచి దిగిపోయి ఉంది. గడియారం మూడు దాటింది. గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. మా పెట్టె తాళ్ళు నేల మీద ఉన్నాయి. పెట్టె ఖాళీగా ఉంది.

"నువ్వు పండుకోంగనే నీ రోలర్లు బిగించినం," అన్నాడు సేటు మెషీను పక్క నుంచి, అరచేతిలో బియ్యం పోసుకొని చూస్తూ. "పాత జత అయితే దాని మోతకు గాడ పండుకున్నోడు ఎగిరి కూసుంటడు. నీది నడవబట్టి నాలుగు గంటలాయె, నువ్వు మెసల్లే. నూక గూడ తక్కువనే ఉంది."

గుమాస్తా ఊరుకోలేదు. "ఇగ రాసుకో సారూ, యాడ దిగినవో!"

ఆ దారి నా దగ్గరే ఉండిపోయింది. ఆ తరువాత మిర్యాలగూడ ఎప్పుడు వెళ్ళినా ముందు ఆ మిల్లు కాంటా గదిలోనే దిగాను. ఆ రోజు పుటలో మాత్రం సూర్యాపేట, ఆరూ పది కొట్టివేసి, మిల్లు పేరు రాశాను. గంట, నిమిషం రాయలేకపోయాను. బస్తాల మీద ఎప్పుడు కన్ను మూతపడిందో నాకు తెలియదు. నా డైరీలన్నిటిలో వేళ ఖాళీగా ఉన్న గడి అదొక్కటే.

"సార్, పెట్టె వచ్చేసినట్టుంది," అంది ఆ అమ్మాయి. నా పెట్టె ఒంటరిగా మూడోసారో నాలుగోసారో తిరుగుతోంది. కావాలా, వద్దా అన్నచోట కావాలి అని గుర్తు పెట్టాను. కింద ఇంకొక ప్రశ్న ఉంది, దిగాక ఎంతసేపు ఉంటారని.

"అరగంటో గంటో వేసెయ్యండి సార్, అందరూ అదే వేస్తున్నారు."

ఆ గడి ఖాళీగానే ఉంచి, కాగితం ఆమెకు తిరిగి ఇచ్చాను.