మేకపాల సబ్బు, మా అత్తమ్మ

అత్తమ్మకు మోచేతుల నుంచి మణికట్ల దాకా దురద. దవాఖానా మందు రాసినన్నాళ్లు తగ్గేది, మానేస్తే మళ్లీ మొదలు. కొట్లో కొన్న సబ్బు రాస్తే మంట. నిద్రలో గోక్కుంటే పొద్దునకల్లా కొంగుకు నెత్తుటి మరకలు. చూడలేక, మేకపాలతో సబ్బు చేద్దామని నేనే పూనుకున్నాను. ఎవరూ చెయ్యమనలేదు. ఆ మాట మా ఆయన నాకు తరచూ గుర్తుచేస్తుంటాడు.

మణుగూరు బజారులో కాస్టిక్ సోడా దొరికింది గానీ, మేకపాల కోసం అడవి పక్క గూడేనికి పోవాల్సి వచ్చింది. మొదటిసారి పచ్చిపాలలోనే సోడా వేశాను. పాలు సలసలా కాగినట్టు వేడెక్కి, ఎర్రబడి, ఇల్లంతా ముక్కులు పగిలే కంపు. పారబోసి నన్ను నేనే తిట్టుకున్నాను. పాలను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, ఆ ముక్కల మీద సోడా కొంచెం కొంచెంగా చల్లాలట! రెండోసారి అలాగే చేసి, కొబ్బరినూనె, ఇప్పనూనె పోసి, చేతులు పడిపోయేదాకా కలిపాను. అచ్చు పోసి, ముక్కలు కోసి, నెలపైన బీరువా మీద ఆరబెట్టాను. ముందు నేనే రుద్దుకుని చూశాను. మంట లేదు.

అత్తమ్మ చేతిలో పెడితే వాసన చూసింది.

"దేంతోని చేసినవే?"

"మేకపాలతోని అత్తమ్మా."

సబ్బు తీసి కిటికీలో పెట్టేసింది. "పాలతోని ఒళ్లు తోముకుంటరా ఎవరన్న? ఆ నీళ్లు మోరీలకు పోవా? నలుగురు తొక్కరా?"

నాకు తిక్క రేగింది. "గుళ్లె దేవునికి పాలు పోస్తలేరా?"

"అది తీర్థమైతది. నన్ను కడిగితే తీర్థమైతదా?"

ఈవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. అయినా ఊరుకోలేదు. బతిమాలాను, అలిగాను, అరిచాను. సబ్బు కిటికీలోనే ఉంది, ఆమె గోక్కుంటూనే ఉంది. చివరికి ఒకరోజు, "తోలూడినా సరే, నీ పంతమే నెగ్గాల్నా?" అని గట్టిగానే అనేశాను.

అత్తమ్మ గొంతు పెంచలేదు.

"నీ మొగడు పుట్టినప్పుడు నాకు పాలు పడలే. ఇంట్ల మేకలున్నయ్. ఆ పాలు హోటలుకు పోస్తెనే అందరికి ఇంత నూక దొరికేది. వానికి గంజి తాపిన. పాలకేడ్చిండే వాడు. గిప్పుడు అవే పాలు నా ఒంటికి రాసుకోవాల్నా?"

అది విన్నా నా కోపం మాత్రం పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక ఇంకా ఎక్కువైంది.

మరో విడత చేద్దామని ఆ పొద్దున తెప్పించిన పాలు ఇంట్లో ఉన్నాయి. వాటినే కాచి గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాను. "తాగితే తప్పు లేదు గదా?" అన్నాను, విసురుగానే. కాదనలేదు. సగం తాగి, గ్లాసు నావైపు జరిపింది.

"వాడు డ్యూటీ దిగి వస్తడు. వానికుంచు."

ఆయనకు మేకపాల వాసనే పడదు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాక గ్లాసు మీద మూత పెట్టాను.