ఇసుక బస్తాలకు సరితూగిన మనిషి

నేను తాగలేదు. తాగి తాడెక్కి ఊగానని రిజిస్టర్లో రాసి, నాకు రావాల్సిన సూపర్‌వైజర్ పని ఆపేశారు. పచ్చి అన్యాయం. అసలు జరిగింది తాగుడు కన్నా ఘోరం. నేను చదువుకుని ఎక్కాను.

తొంభైల చివర్లో కొండాపూర్ దగ్గర బండలు పేల్చి అద్దాల బిల్డింగులు లేపుతున్నారు. అక్కడ స్టోరు చూసేవాణ్ణి. బడి ఐదో తరగతితో మానేసినా, ఫుట్‌పాత్ మీద కొన్న సైన్సు పుస్తకంతో మేస్త్రీలను పరేషాన్ చేసేవాణ్ణి. తాను నిలిచే చోటు లేదు, చంకలో పుస్తకమట!

గోడకు రంగు వెయ్యడానికి మూడో అంతస్తు పైన గిరక, దాని మీదుగా తాడు. ఒక కొసన మనిషి కూర్చునే పలక, రెండో కొసన ఇసుక బస్తాలు. పాలమూరు మేస్త్రి సాయిలు పలక జరిపినప్పుడల్లా తాడును స్తంభానికి ముడేసేవాడు. సగం పొద్దు ముళ్లకే పోయేది. నాకు ఒళ్లు మండేది. సూపర్‌వైజర్ని ఎంచడానికి ఇంజినీరు గారు వచ్చిన రోజే నా విద్య బయటికి తీశాను.

"రెండు పక్కలా బరువు సమానమైతే ఫలిత బలం సున్నా. సున్నా ఈగను కూడా కదపలేదు. ఇగ ముడెందుకు?"

సాయిలు బీడీ ఆర్పాడు. "గది పుస్తకానికి ఎరుకనే అన్నా. తాడుకెరుకనా?"

స్టోరు కాటా మీద చెప్పులతో సహా తూగి, గుప్పెళ్లతో ఇసుక సరిచేసి, గిరకకు గ్రీజు పూసి, రెండో అంతస్తు కిటికీలోంచి పలకెక్కి కూర్చున్నాను. గాల్లో త్రిశంకుడిలా నిలిచిపోయాను, ముడి లేకుండా! భీమవరం ఇంజినీరు గారు బాగుందండీ అన్నారు కూడా.

అక్కడితో దిగితే సూపర్‌వైజర్ని నేనే. బుద్ధి గడ్డి తిని, గోడకు కాలు తన్నిపెట్టి సర్దుకున్నాను. పలక కిందికి బయలుదేరింది. తొందరేం లేదు, పెళ్లికూతురి నడక, ఒకే వేగం. బలాలు సరితూగితే ఆగినది ఆగే ఉంటుందని చదివాను సరే. కదిలేది కదులుతూనే ఉంటుందని అదే వాక్యంలో రెండో సగం ఉంది. అది నాకు పనికిరాదని వదిలేశాను.

"ఎక్కడికండీ?" అన్నారు ఇంజినీరు గారు.

"సమవేగంతో వస్తున్నా సార్."

భయానికి కాళ్లు ఆడించేసరికి కిలో బరువున్న టైరు చెప్పులు రెండూ జారిపోయాయి. ఇప్పుడు బస్తాలు నాకంటే బరువు. పలక ఒక్క క్షణం ఆలోచించి పైకి తిరిగింది. ఈసారి వేగం పెరుగుతూ పోయింది. గిరకకు నా తల తగిలాకే ఆగింది.

కింద సాయిలు తీరిగ్గా ముడేస్తూ, "సున్నకు గింత బలముంటదా అన్నా?" అన్నాడు.

తెలివిలో ఉన్నవాడెవడూ ఇలా పలక ఎక్కడు అని ఇంజినీరు గారు తాగుడు కింద రాసుకున్నారు. నేనూరుకుంటానా? లెక్క సరైనదేనని, తప్పంతా చెప్పులదని, నా పని నాకిమ్మని హెడ్డాఫీసుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను.

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ వాక్యాన్నీ సగంలో వదలను, చెప్పులతో సమతాస్థితికి పోను.

ఆరు నెలలకు జవాబొచ్చింది: "మీరు తాగలేదన్న సంగతి నమోదు చేసుకున్నాము. మిగతా ఫిర్యాదును విచారణ కోసం మీ సూపర్‌వైజర్ సాయిలు గారికి పంపడమైనది."